మోగ్లీ ధారావాహిక చూస్తున్న పిల్లలకు మన అడవి జంతువుల గురించి ఏమి చెప్పాలి?

ప్రశ్న — ప్రాణహిత ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని ఒక పల్లె. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఫోనులో హిందీ. తొమ్మిదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి ఎండాకాలం మొదలైనప్పటి నుండి తోడేళ్ల మధ్య పెరిగిన మోగ్లీ అనే పిల్లవాడి బొమ్మల ధారావాహికను వదలడం లేదు. నేను చిన్నతనంలో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో చూసిన పాత ధారావాహికను మొదట నేనే చూపించాను. తరువాత కంప్యూటరు బొమ్మలతో తీసిన కొత్తది కూడా వారికి దొరికింది. ఇప్పుడు ఇందులో ఒక భాగం, అందులో ఒక భాగం చొప్పున కలగలిపి చూస్తున్నారు.

వారు చూడడం నాకు ఇష్టమే. అయితే ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా అత్తమ్మ చీకటితోనే గంప పట్టుకొని బయలుదేరుతుంటే, చిన్నవాడు గడప దగ్గర నిలబడి, "అవ్వా, బల్లూ కనబడితే భయపడకు, మన ఇంటికి తోలుకొనిరా" అన్నాడు. బల్లూ అంటే ఆ కథలో మోగ్లీకి తోడుండే ఎలుగుబంటి. మేమందరం నవ్వాము గాని అత్తమ్మ నవ్వలేదు. వాళ్ల పుట్టింటి వైపు ఒకావిడకు చెవి దగ్గర నుండి గదవ దాకా గుడ్డెలుగు గోళ్లు దిగిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆనాటి నుండి నాకు కొన్ని సందేహాలు మొదలయ్యాయి. ఈ రెండు ధారావాహికలలో ఏ వయసు వారికి ఏది తగును? ఇందులోని జంతువుల నడవడిలో నిజమెంత, కల్పన ఎంత? ఈ ఏడు మా మిరప చేల అవతల పులి అడుగులు కనబడ్డాయని ఊరంతా చెప్పుకుంటున్నారు కనుక, షేర్ ఖాన్ అనే పులి ముఖ్యంగా ఉండే భాగాలను కొంతకాలం పక్కన పెట్టాలా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.


జవాబు — అహేరి బడిపంతులు

అమ్మా, ముందు ధారావాహికల సంగతి చెప్పి తరువాత జంతువుల దగ్గరికి వస్తాను.

మీరు చిన్నప్పుడు చూసినది జపానుకు చెందిన నిప్పాన్ యానిమేషన్ సంస్థ తీసినది. అక్కడ 1989 అక్టోబరు నుండి 1990 అక్టోబరు వరకు 52 భాగాలుగా ప్రసారమైంది. మన దూరదర్శన్‌లో హిందీలో 1993లో వచ్చింది. గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ స్వరపరచిన ప్రారంభ గీతం, షేర్ ఖాన్‌కు నానా పటేకర్ ఇచ్చిన గొంతు, ఈ రెండూ లేకపోతే ఆ కార్యక్రమం మన దేశంలో అంతగా నిలిచేది కాదని నా అభిప్రాయం. రెండవది మన హైదరాబాదులోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2010లో విదేశీ ఛానెళ్లతో కలిసి తెచ్చినది. తెలుగువారి ఊళ్లో తయారైన మోగ్లీ ప్రపంచమంతా తిరిగాడని మా పిల్లలకు చెబితే మొదట నమ్మలేదు.

రెండింటి నడక వేరు. పాతదానిలో కథ ఒకే దారం మీద సాగుతుంది. పసివాడైన మోగ్లీ తోడేళ్ల మధ్య చేరడం, పెరగడం, చివరి భాగాలలో మనుషుల ఊరి వైపు అడుగు వేయడం, ఇవన్నీ వరుసగా చూస్తేనే అర్థవంతంగా ఉంటాయి. మధ్యలో పట్టుకుంటే ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా తెలియదు. దుఃఖం కూడా అందులో దాచకుండా ఉంటుంది. మీ అమ్మాయి వయసుకు అది సరిగ్గా సరిపోతుంది. హైదరాబాదు మోగ్లీలో ఒక్కొక్క కథ 11 నిమిషాలలో ముగుస్తుంది, ఏ భాగం ముందు చూసినా నష్టం లేదు, హాస్యం పాలు ఎక్కువ. ఆరేళ్లవాడికి అదే నయం. రెండూ కలగలిపి చూడడం మాత్రం మాన్పించండి, ఎందుకంటే ఒకే పేరున్న పులి నిన్న గుండె దడదడలాడించి ఈరోజు నవ్వించి పోతే చిన్నవాడికి ఏ షేర్ ఖాన్‌ను నమ్మాలో తెలియదు.

ఇక నిజానిజాలు. జపాను వారు చేర్చిన కిచీ అనే ఎర్ర పాండా మన అడవుల జంతువే కాదు. అది సిక్కిం, అరుణాచల్, డార్జిలింగ్ కొండల వంటి చల్లని చోట్ల వెదురు తిని బతికేది. ముద్దొచ్చే చిన్న ప్రాణి ఒకటి లేనిదే పిల్లల కార్యక్రమం నిలబడదని వారు అనుకొని ఉంటారు. మోగ్లీ చేతిలోని బూమరాంగ్ కూడా అటువంటిదే, అది ఆస్ట్రేలియా ఆదివాసుల ఆయుధం. కథలో కా అనే కొండచిలువ ఉంది కదా, నిజానికి కొండచిలువకు విషం లేదు, కళ్లతో మత్తెక్కించే శక్తి అంతకన్నా లేదు, చుట్టుకొని బిగించి చంపుతుంది. తోడేళ్ల సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. మన దేశపు తోడేలు దట్టమైన అడవిలో కన్నా పొదలూ గడ్డీ ఉన్న మెరక నేలల్లోనే ఎక్కువగా ఉంటుంది, గొర్రెల కాపరులకు తెలిసినంతగా అడవి మనుషులకు తెలియదు.

వీటన్నిటికన్నా ముందు పిల్లలకు ఒక్క విషయం చెప్పండి. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లోనూ 1895లోనూ వెలువరించిన రెండు పుస్తకాలలో మోగ్లీ కథలు జరిగేది మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో, వైన్‌గంగ ఒడ్డున. ఆ వైన్‌గంగ సివనీ జిల్లాలోనే పుట్టి, భండారా దాటి, మన గడ్చిరోలి అంచున ప్రవహించి, తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధాతో కలిసి ప్రాణహితగా మారుతుంది. ఆ ప్రాణహిత మీ సిరొంచ పక్కనుండి పోయి కాళేశ్వరం ఎదుట గోదావరిలో కలుస్తుంది. మోగ్లీ ఈదులాడిన నీళ్లు మీ రేవుకే వస్తున్నాయన్నమాట. పటం ముందు పెట్టి, సివనీ నుండి మీ ఊరి దాకా ఆ గీతను పిల్లల వేలితోనే నడిపించండి. మా బడిలో ఐదవ తరగతి పిల్లల చేత చేయించాను. పాఠ్యపుస్తకంలో పది మార్లు చదివినా గుర్తుండని నదుల సంగమం ఆ ఒక్క గంటలో నోటికి వచ్చింది.


జవాబు — తునికాకు కల్లం

సార్ చక్కగా చెప్పారు. నేను ఎలుగుబంటి గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే అక్క అడిగిన దానిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. కొన్నేళ్లుగా తునికాకు సేకరణ పనిలో అడవి ఊళ్లన్నీ తిరుగుతున్నాను. పులి పేరు చెబితే అందరూ జాగ్రత్తపడతారు. గుడ్డెలుగు దగ్గరే ఏమరుపాటు వస్తుంది.

కిప్లింగ్ కథలో ఒక చోట, వానలు లేని ఏడు బల్లూకు ఎంతో ఇష్టమైన ఇప్ప చెట్టు పూయలేదని ఉంటుంది. అది వట్టి కల్పన కాదు. ఇప్పపువ్వు రాత్రి చివరి జాము నుండి తెల్లవారే దాకా రాలుతుంది. ఆ తీపి వాసనకు ఎలుగుబంటి చీకట్లోనే చెట్టు కిందికి చేరుతుంది, మన ఆడవాళ్లూ ఎండ ఎక్కకముందే ఏరుకోవాలని అదే వేళకు బయలుదేరుతారు. ఒకే చెట్టు, ఒకే వేళ, ఇద్దరూ తల వంచుకొని నేల చూస్తూ ఉంటారు. ఎలుగుబంటికి వాసన పట్టే శక్తి ఎంత గొప్పదో చూపు, వినికిడి అంత తక్కువ. తిండిలో మునిగిపోయి ఉన్నప్పుడు మనిషి దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన మరుక్షణం పారిపోవడం బదులు, భయంతో వెనుక కాళ్ల మీద లేచి పైన పడుతుంది. అందుకే గాయాలు ఎక్కువగా తలకూ ముఖానికీ అవుతాయి. దానికి మనిషిని తినే ఉద్దేశం లేదు, పగా లేదు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పాలి. బల్లూ చెడ్డవాడు అని చెబితే వాళ్లు నమ్మరు, నమ్మనక్కర కూడా లేదు. అది భయపడే జంతువు అని చెబితే ఆరేళ్లవాడికి కూడా అర్థమవుతుంది, భయం ఎలా ఉంటుందో వాడికి తెలుసు కదా.

ఒకసారి ఎండకు ముందే డిపో దారిలో వెళుతుంటే బండ చాటున పీల్చి ఊదుతున్నట్టు పెద్ద చప్పుడు వినిపించింది. కొలిమి తిత్తి ఊదినట్టే ఉంది. అది చెదల పుట్టను గోళ్లతో తవ్వి, మూతి లోపలికి పెట్టి చెదలను పీల్చుకుంటోంది. దాని పైదవడ ముందు పళ్లలో రెండు ఉండవు, ముక్కు రంధ్రాలు మూసుకోగలదు, పెదవులను గొట్టంలా ముందుకు చాచగలదు. ఆ ఏర్పాటంతా చెదలూ చీమలూ పీల్చడానికే. దాని వీపు మీద, ఆ దుబ్బు వెంట్రుకల్లో రెండు పిల్లలు అంటిపెట్టుకొని ఉన్నాయి. పిల్లలను ఇలా అలవాటుగా వీపున మోసుకొని తిరిగేది ఎలుగుబంట్లలో మన జాతి ఒక్కటే. తల్లి కదిలినప్పుడల్లా ఒక పిల్ల జారడం, మళ్లీ వెంట్రుకలు పట్టుకొని ఎగబాకడం. మేము గాలికి ఎదురుగా ఉండడం వల్ల దానికి వాసన తగలలేదు, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి వచ్చేశాము. ఏ బొమ్మల ధారావాహికలోనూ ఇంత అందమైన దృశ్యం నేను చూడలేదు. అంత ప్రమాదకరమైనది కూడా మరొకటి లేదు, పిల్లలున్న తల్లి దగ్గరికి పొరపాటున వెళితే చెప్పేదేముంది.

మీ అత్తమ్మకు తెలియనివి కావు గాని ఇంట్లో పిల్లలు కూడా వినేలా అనుకోవడం మంచిది: ఒంటరిగా పోవద్దు, నలుగురూ మాట్లాడుకుంటూ, కట్టెతో చెట్టును కొడుతూ పోవాలి, కొద్దిగా వెలుగు వచ్చాకే చెట్టు కిందికి చేరాలి. చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి శుభ్రం చేసే అలవాటు మాత్రం మానాలి, అడవి అంటుకునేది చాలా మార్లు అక్కడి నుండే.


జవాబు — బల్లార్షా కాలనీ

అందరి మాటలూ చదివాను. కొంచెం భిన్నంగా చెప్పదలచుకున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

మా నాన్న బొగ్గు గని పనికి కరీంనగర్ వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. కాలనీలో టీవీ ఉన్న ఇంట్లో ఆదివారం పొద్దున్నే ఇరవై మంది పిల్లలం నేల మీద కూర్చొని ఆ ధారావాహిక చూసేవాళ్లం. మాలో ఎవరూ ఎలుగుబంటిని కౌగిలించుకోవడానికి అడవికి పోలేదు. పంచతంత్రంలో సింహం ఎద్దుతో స్నేహం చేస్తుంది, నక్క మంత్రాంగం నడుపుతుంది. ఆ కథలు విన్న పిల్లలెవరూ నక్కతో రాజకీయాలు మాట్లాడాలని పొలం గట్టుకు వెళ్లలేదు. కథలోని జంతువు మనిషికి వేసిన వేషమని పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. ప్రతి భాగం తరువాతా ఇది నిజం, ఇది అబద్ధం అని పాఠం చెప్పడం మొదలుపెడితే వాళ్లు ధారావాహికనే కాదు, మనల్ని కూడా తప్పించుకు తిరుగుతారు. కథలోని నల్ల చిరుత బఘీరా మాత్రం అబద్ధం కాదు సుమా. నల్ల చిరుత వేరే జాతి కాదు, మామూలు చిరుతే నల్లరంగుతో పుడుతుంది. మా తాడోబా పులుల అభయారణ్యంలోనే 2018లో యాత్రికుల కంట పడింది.

షేర్ ఖాన్ భాగాలను ఆపవద్దని నా సలహా. పులి అడుగులు కనబడిన ఊళ్లో పులి మాటే ఎత్తకుండా ఉంటే పిల్లల భయం ఇంకా పెరుగుతుంది.


జవాబు — తునికాకు కల్లం

అన్నా, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. అయితే మీ కాలనీ పిల్లలకు ఎలుగుబంటి టీవీలోనే ఉంది. ఈ అక్క కొడుకుకు టీవీలోనూ ఉంది, ఇంటి వెనుక చెలకలోనూ ఉంది. పంచతంత్రం వినే పిల్లవాడి చెంత నక్కను చూసిన అవ్వ కూడా కూర్చొని ఉండేది. ఫోను పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ప్రతి భాగానికీ పాఠం వద్దు, సరే. చూసేటప్పుడు అవ్వనో తాతనో పక్కన కూర్చోబెడితే చాలు, వాళ్లే తమ ముచ్చట్లు చెబుతారు.

పులి గురించి ఒక మాట. కథలో షేర్ ఖాన్ పుట్టుకతోనే ఒక కాలు అవిటిది, వేటాడలేక పశువుల మీద పడుతుంది. గాయపడిన పులులూ ముసలి పులులూ సులభమైన ఎరకు దిగడం నిజమే. కాని మన చేల పక్కన కనబడే అడుగులన్నీ అటువంటి పులివి కావు. చంద్రపూర్ అడవుల్లో పులులు బాగా పెరిగాయి. రెండేళ్ల వయసు రాగానే పిల్లలు తల్లిని విడిచి సొంత చోటు వెతుక్కుంటూ బయలుదేరతాయి, నదులు దాటి తెలంగాణలోని కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు కూడా పోతాయి. మీ మిరప చేల పక్క నుండి పోయినది కూడా అటువంటి దారిన పోయే పడుచు పులి కావచ్చు. పిల్లలకు ఇలా చెబితే అది కథలోని దుర్మార్గుడిలా కాక ఇల్లు వెతుక్కుంటున్నవాడిలా కనబడుతుంది. అయినా చీకటి పడ్డాక చేను వైపు పంపవద్దు, చేలో వంగి పనిచేసేటప్పుడు పక్కన ఒకరు నిలబడి కాపలా చూడాలి. వంగిన మనిషి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనబడతాడని అటవీ సిబ్బంది కూడా చెబుతుంటారు.


జవాబు — ప్రాణహిత ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం అత్తమ్మను మధ్యలో కూర్చోబెట్టి హైదరాబాదు మోగ్లీ రెండు కథలు చూపించాను. ఆమెకు హిందీ అంతగా రాదు, పిల్లలే తెలుగులో చెప్పారు. ఎలుగుబంటి పిల్లలను వీపున మోస్తుందని తునికాకు కల్లం తమ్ముడు రాసినది చదివి వినిపిస్తే, తాను కూడా చూశానని, వాగులో నీళ్లు దాటేటప్పుడు పిల్లలు ఇంకా గట్టిగా పట్టుకుంటాయని ఆమె చెప్పింది. చిన్నవాడు ఆ రాత్రి తల కింది దిండును వీపుకు కట్టించుకొని పడుకున్నాడు. అవ్వ వెంట ఇప్పపువ్వుకు వస్తానని మాత్రం అడగలేదు.

ఇంకొక్క సందేహం. మా అమ్మాయికి ఎవరో చెప్పారట, అసలు పుస్తకంలో ఎర్ర కుక్కలు గుంపుగా వచ్చి తోడేళ్ల మీద పడే కథ ఉందని. ఆ కథ తెచ్చి చదవమని పట్టుబడుతోంది. అది తొమ్మిదేళ్ల పిల్లకు వినిపించదగినదేనా? ఎర్ర కుక్కలంటే మన రేచుకుక్కలేనా?


జవాబు — అహేరి బడిపంతులు

అవునమ్మా, మన రేచుకుక్కలే. అవి దక్కను నుండి వచ్చాయని కిప్లింగ్ రాశాడు. మనవైపు నుండే దండయాత్ర జరిగిందని మా బడి పిల్లలు గర్వపడ్డారు కూడా. ఆ కథ రెండవ పుస్తకంలో ఉంది. గుంపు పెద్దది, ఎదురు నిలిచి గెలవడం తోడేళ్ల వల్ల కాదు. అప్పుడు కొండచిలువ కా ఇచ్చిన ఆలోచనతో మోగ్లీ వాటిని రెచ్చగొట్టి, వెంట తరిమించుకొని, వైన్‌గంగ మీద వేలాడే రాతి గట్టున కొండతేనెటీగల పట్టుల మధ్యకు ఈడ్చుకుపోయి, తాను నదిలోకి దూకుతాడు. తేనెటీగలు లేచి కుక్కల మీద పడతాయి. మన కొండల్లో తేనె తీసేవారిని అడిగితే ఆ గట్టు ఎలా ఉంటుందో, ఆ ఈగలు ఒక్కసారి లేస్తే ఏమవుతుందో కళ్లకు కట్టినట్టు చెబుతారు. వీలైతే అటువంటివారిని ఒకరిని పిలిచి పిల్లలకు చెప్పించండి.

రేచుకుక్కల నడవడిని ఆయన చాలావరకు సరిగానే పట్టుకున్నాడు. అవి గుంపుగా, ఎక్కువగా పగటిపూటే వేటాడతాయి, తమకన్నా పెద్ద జంతువును అలసిపోయేదాకా తరుముతాయి. మొరగవు, ఈల వేసినట్టు ఒకదానినొకటి పిలుచుకుంటాయి. మనిషి జోలికి రావడం మాత్రం మన వైపు నేను వినలేదు. కథలో ఉన్నంత పెద్ద గుంపులు నిజంగా కనబడవు, సాధారణంగా పది చిల్లర ఉంటాయి.

వినిపించడం గురించి. ఆ కథ చివర జరిగే పోరులో రక్తం ఎక్కువ, ఒకప్పుడు తోడేళ్ల నాయకుడైన ముసలి అకేలా అందులోనే మోగ్లీ ముందు ప్రాణం విడుస్తాడు. మీ అమ్మాయి పాత ధారావాహికను వరుసగా చూసిన పిల్ల కనుక అకేలాను బాగా ఎరిగి ఉంటుంది, ఏడుస్తుంది. ఏడవనివ్వండి, ఆ వయసుకు అది తగినదే. తేనెటీగల దాకా ఒక పూట, మిగిలినది మరునాడు పగటిపూట చదవండి, పడుకునే ముందు వద్దు. చిన్నవాడికి తేనెటీగల దగ్గర ఆపేయండి, వాడికి అంతటితోనే కథ ముగిసినట్టు ఉంటుంది. మా బడిలో పుస్తకం మరాఠీ అనువాదం ఉంది, సెలవులు ముగిశాక ఎవరి చేతనైనా పంపిస్తాను. మీరు చూస్తూ తెలుగులో చెప్పవచ్చు.